అయిదున్నర కొవ్వొత్తులు

సమతా రెసిడెన్సీలో పుట్టినరోజులన్నీ ఒకేలా జరగాలన్న నిబంధన ఒక పావురం వల్ల వచ్చింది.

కాకినాడలో ముప్ఫై ఫ్లాట్ల కాంప్లెక్స్ అది. అక్కడికి సముద్రం కనిపించదు కానీ ఉప్పుగాలి మాత్రం వచ్చి కిటికీ ఊచల్ని తినేసి పోతుంటుంది. వేసవి సెలవుల్లో 302 వాళ్లు తమ అబ్బాయి పుట్టినరోజుకి ఓ మెజీషియన్ని పిలిపించారు. ఆయన టోపీలోంచి పావురాన్ని తీశాడు. అది ఆయన చేతిలో నిలవకుండా హాలంతా మూడు చుట్లు తిరిగి, కేకు మీద వాలి, క్రీము కాళ్లతో ఎగిరి వెళ్లి సెక్రటరీ పాపారావు గారి బట్టతల మీద కూర్చుంది. పిల్లలకి ఆనందంతో పిచ్చెత్తిపోయింది. మర్నాటి నుంచి 104లో కుర్రాడు తనకీ పావురం కావాలని అన్నం మానేశాడు. 201లో అమ్మాయి ఏకంగా నెమలినే అడిగింది. ఒక తల్లి లిఫ్టు ఎక్కితే రెండో తల్లి మెట్లెక్కడం మొదలైంది.

అసోసియేషన్ సర్వసభ్య సమావేశం పెట్టింది. ఒకరి ఆనందం మరొకరి దుఃఖానికి హేతువు కారాదని ఏకగ్రీవంగా తీర్మానించి, నిబంధనలు రాసే పనిని ధర్మారావు గారికి అప్పగించింది.

ధర్మారావు గారు తూనికలు కొలతల శాఖలో ముప్ఫై ఆరేళ్లు చేసి రిటైరైన మనిషి. కిరాణా కొట్టు కాటా కింద చింతపండు అంటించి ఉంటే వీధి మలుపులోనే వాసన పట్టేసేవారని ఆయనకి పేరు. ఎవరి దగ్గరా కాఫీ కూడా తాగి ఎరగరు. రిటైరయ్యాక కొలవడానికి ఏమీ లేక మనిషి బాగా చిక్కిపోయారు. ఈ పని చేతికి రాగానే మళ్లీ కాస్త ఒళ్లు చేశారు.

ఇరవై రోజులు కూర్చుని ఆయన ఇరవై ఏడు క్లాజులతో 'జన్మదిన సమానత్వ నియమావళి' తయారుచేశారు. పద్ధతి చాలా తేలిక. గడిచిన పన్నెండు నెలల్లో కాంప్లెక్సులో జరిగిన పద్దెనిమిది పుట్టినరోజుల వివరాలూ రాబట్టి, అన్నిటికీ సగటు తీశారు. కేకు రెండు కిలోలు. బెలూన్లు నలభై మూడు. పాట ఒక్కసారి. చప్పట్ల మోత డెబ్బై రెండుకీ డెబ్బై ఎనిమిది డెసిబెల్స్‌కీ మధ్య. చాక్లెట్, వెనిల్లా, పైనాపిల్ ఇష్టపడేవాళ్లు సరిసమానంగా తేలడంతో మూడిటినీ కలిపి ఒకటే కేకు చెయ్యాలన్నారు. అది సిమెంటు రంగులో వచ్చింది. పావురాల సగటు పద్దెనిమిదో వంతు వచ్చింది. అమలు సాధ్యం కాదని దాన్ని సున్నాగా సవరించారు. నియమావళి మొత్తంలో ఆయన పడిన రాజీ అదొక్కటే.

కొవ్వొత్తుల సగటు అయిదున్నర వచ్చింది. కొవ్వొత్తిని కొయ్యవచ్చు కనుక దాన్ని సవరించలేదు.

ఈ సంగతి 203లో ఉండే జగన్నాథం మాస్టారికి శనివారం పొద్దున గానీ తెలియలేదు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన ఆయన, భార్య మీనాక్షమ్మ పోయాక కొడుకు వంశీ, కోడలు ప్రసన్నల దగ్గర ఉంటున్నారు. మర్నాడు ఆదివారం, జూలై ఒకటి, మనవరాలు తన్వికి నాలుగేళ్లు నిండుతాయి. హాలు కోసం దరఖాస్తు పట్టుకుని, తన్వి వేలు పట్టుకుని, జనరేటరు పక్కనున్న అసోసియేషన్ గదికి వెళ్లారు.

తన్వికి ఈ పుట్టినరోజు మామూలు విషయం కాదు. కిందటేడంతా ఎవరు వయసడిగినా మూడు వేళ్లు చూపించాల్సి వచ్చింది. మూడు చూపించాలంటే చిటికెన వేలిని బొటనవేలితో అదిమి పట్టాలి. ఆ చిటికెన వేలు ప్రతిసారీ జారి లేచేది, "అప్పుడే నాలుగా?" అని అందరూ నవ్వేవారు. నాలుగైతే ఆ బాధ లేదు. బొటనవేలు మడిస్తే చాలు. ఈ సుఖం కోసం ఆ పిల్ల ఏడాదిగా ఎదురుచూస్తోంది.

ధర్మారావు గారు దరఖాస్తు చదివారు. "హాలు మంజూరు చేయడమైనది. కొవ్వొత్తుల వద్ద 'నాలుగు' అని రాశారు. అది అయిదున్నరగా దిద్దండి."

"పిల్లకి నాలుగేళ్లేనండీ."

"సదరు చిరంజీవికి నాలుగేళ్లు నిండుచున్న మాట వాస్తవం. ఆసుపత్రివారి ధ్రువపత్రం కూడా జతపరచి ఉన్నారు. అయితే కొవ్వొత్తుల సంఖ్య వయసును బట్టి ఉండాలని ఏ క్లాజులోనూ లేదు."

"వయసుని బట్టే కదండీ ఎవరైనా పెట్టేది?"

"అసమానత్వం పుట్టేదే అక్కడ మాస్టారూ! తొమ్మిదేళ్లవాడికి తొమ్మిది దీపాలు, ఈ పసిదానికి నాలుగే. ఆలస్యంగా పుట్టడం ఈమె చేసిన నేరమా? నేను ఈమె పక్షాన మాట్లాడుతున్నాను."

పక్కనే కూర్చున్న సెక్రటరీ పాపారావు గారు స్కేలు పెట్టి, గీత గీసి, బ్లేడుతో ఒక గులాబీరంగు కొవ్వొత్తిని కోసి, ఆ ముక్కని అయిదు కొవ్వొత్తులతో కలిపి తన్వి చేతిలో పెట్టారు. తన్వి ఓ చేతిలో అవి పట్టుకుని, రెండో చేతి వేళ్లు చూసుకుంది. నాలుగు వేళ్లు. బొటనవేలు తెరిచింది. అయిదు.

"తాతయ్యా, అర అంటే ఏ వేలు?"

ముప్ఫై మూడేళ్లు పాఠాలు చెప్పిన మాస్టారు తన వేళ్లు కూడా ఒకసారి చూసుకున్నారు. తన్వి మళ్లీ చిటికెన వేలిని బొటనవేలి కింద అదిమింది.

"అయితే నాకు పుట్టినరోజొద్దు. నేను మూడే ఉంటాను."

ఏడవలేదు. ఏడ్చినా బాగుండుననుకున్నారు మాస్టారు.

ఇంటికొచ్చేసరికి అమలాపురం నుంచి ప్రసన్న తల్లి సుభద్రమ్మ, తమ్ముడి కుటుంబం దిగారు. బుట్టెడు కొబ్బరికాయలు, పనసతొనలు, ఇద్దరు పిల్లలు, వాళ్ల ఈతకొలను. కొలనుకి గాలి కొట్టాలి. వంశీ బెలూన్లు ఊదుతూ నలభై మూడు లెక్క చూసుకుంటుంటే, బావమరిది కొడుకు ఒకటి పేల్చాడు.

"నలభై రెండు," అన్నాడు వంశీ నీరసంగా.

"ఒకటి తక్కువైతే జైల్లో పెడతారేంటి బావా?"

"ఏమో, ఇరవై రెండో క్లాజు చూడాలి."

కొవ్వొత్తి సంగతి విని సుభద్రమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "శుభమా అని పుట్టినరోజు చేసుకుంటూ కొవ్వొత్తి నరుక్కోవడమేంటండీ అన్నయ్యగారూ! మా వైపు ఇలాంటిది చూళ్లేదు, విన్లేదు."

"మూడేళ్లే ఉంటానంటోందండీ," అన్నారు మాస్టారు.

"ఉండనివ్వండి. నాకూ అలాంటి వీలుంటే నలభై దగ్గరే ఆగిపోదును." అని నవ్వి, ఆ తర్వాత మంచం కింద దూరి కూర్చున్న మనవరాల్ని చూసి నవ్వు ఆపేసింది.

నాలుగు గంటలకి మాస్టారు కిందకి దిగారు. పార్కింగు షెడ్డు నీడలో పెద్దవాళ్లు కూర్చునే సిమెంటు బల్లలున్నాయి. రోజూ అక్కడ మోకాళ్ల గురించి చర్చ జరుగుతుంది. ఆ రోజు కొవ్వొత్తుల గురించి జరిగింది.

"రేపంటే జూలై ఒకటా?" అన్నాడు రిటైర్డ్ హెల్త్ ఇన్‌స్పెక్టర్ సోమయాజులు. "అయితే రేపు నాక్కూడా పుట్టినరోజేనండోయ్. కాయితం మీద."

"కాయితం మీదైతే నాదీ రేపే," అన్నాడు పోస్టాఫీసులో చేసిన సత్తిరాజు.

"నాదీనూ."

"మా ఊళ్లో బళ్లో వేసిన పదకొండు మందికీ అదే తేదీ వేశాడు హెడ్మాస్టరు మహానుభావుడు."

మాస్టారి సర్టిఫికెట్లోనూ అదే ఉంది. ఆ రోజుల్లో పిల్లాడిని బళ్లో వెయ్యడానికి వెళితే, పుట్టిన తేదీ తండ్రికి తెలిసేది కాదు. "వరదొచ్చిన ఏడండీ" అనో, "పెద్దావిడ పోయిన నెలండీ" అనో చెప్పేవాడు. హెడ్మాస్టరు విని, తలూపి, జూలై ఒకటి అని రాసుకునేవాడు. అలా ఒక తరం మొత్తం ఒకే రోజున పుట్టి, జూన్ ఆఖరున గుంపుగా రిటైరైంది. మాస్టారి అసలు పుట్టినరోజు మాఘమాసంలో. ఆ తిథి మీనాక్షమ్మకి గుర్తుండేది. ఆ రోజు పొద్దున్నే పరవాన్నం వాసనొస్తే, ఓహో ఇవాళ నేను పుట్టానన్న మాట అనుకునేవారు ఆయన.

ఈ కాంప్లెక్సులో జూలై ఒకటిన నిజంగా పుట్టింది తన్వి ఒక్కతేనని అప్పుడు తట్టింది ఆయనకి. దాని వెనకే ఇంకోటి తట్టింది.

"నియమావళిలో పిల్లల పుట్టినరోజులని లేదండీ. 'నివాసితుల' అని ఉంది," అన్నారు.

బల్లల మీద అరవై దాటిన మోకాళ్లన్నీ ఒకేసారి లేచాయి.

అరగంటలో అసోసియేషన్ గది ముందు పంతొమ్మిది మంది వరసలో నిలబడ్డారు. చేతుల్లో పసుపు తిరిగిన పదో తరగతి సర్టిఫికెట్లు. అందరికీ పుట్టినరోజు కావాలి, అందరికీ సమానంగా కావాలి. ఇంతమంది ముసలివాళ్లని చూస్తేనైనా ధర్మారావు గారికి నవ్వొస్తుందని, నవ్వొస్తే ఆ ఊపులో నిబంధన సడలిస్తారని మాస్టారి ఆశ.

ధర్మారావు గారికి నవ్వు రాలేదు. కళ్లు మెరిశాయి. ఒక్కొక్క సర్టిఫికెట్నీ వెలుతురుకి ఎత్తి ముద్ర పరీక్షించారు.

"దరఖాస్తులన్నీ సక్రమంగా ఉన్నవి. ఎనిమిదో క్లాజు మేరకు, ఒకే దినమున ఒకటికి మించి జన్మదినములు సంభవించినచో, ఆనాటి దరఖాస్తులలో కోరిన సంఖ్యల సగటే ఆనాటి ప్రమాణం." కాగితం మీద లెక్క కట్టారు. "మీ పంతొమ్మిది మంది, చిరంజీవి తన్వి, వెరసి ఇరవై మంది. కేకులు ఇరవై. ఒక్కొక్క కేకుకి కొవ్వొత్తులు అరవై ఆరూ ముప్పావు."

"ఎంతా?" అన్నారు మాస్టారు.

"అరవై ఆరు నిండు కొవ్వొత్తులు, ఒక ముప్పావు కొవ్వొత్తి. పాపారావు గారూ, బ్లేడు ఉందా?"

అరకి ఏ వేలో చెప్పలేకపోయిన తాతయ్య, ఇప్పుడు అరవై ఆరూ ముప్పావు మోసుకుని మెట్లెక్కారు. సోమయాజులు వెనకనుంచి ఓదార్చాడు. "పోన్లెండి మాస్టారూ, డెబ్బై నిండాక నాకు కేకు తగిలింది. మీ చలవే!"

ఆదివారం పొద్దున సుభద్రమ్మ తన్విని మంచం కిందనుంచి బెల్లం ముక్కతో బయటికి రప్పించి, నువ్వుల నూనె మాడుకి అంటి, నలుగు పెట్టి, తలంటు పోసింది. పుట్టినరోజు కాదన్నాక తలంటెందుకని తన్వి వాదించింది. ఆదివారం తలంటని అమ్మమ్మ అబద్ధమాడింది. మాస్టారు వంటగది గుమ్మంలో కూర్చుని నియమావళి మొదటినుంచి చదువుతున్నారు. స్టవ్ మీద పరవాన్నం ఉడుకుతోంది. ప్రసన్న గరిటె తిప్పుతూ, ఆయన అడక్కుండానే, అత్తగారి పద్ధతిలో చిటికెడు పచ్చకర్పూరం వేసింది. మాస్టారు ఒక్కసారి తలెత్తి చూసి, మళ్లీ చదువులో పడ్డారు. పంతొమ్మిదో క్లాజు దగ్గర ఆగారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు.

పదకొండింటికి హాల్లో ఇరవై సిమెంటు రంగు కేకులు వరసగా ఉన్నాయి. ఊళ్లో మూడు బజార్లు తిరిగి తెచ్చిన కొవ్వొత్తుల పెట్టెలు గోడవారన గుట్టగా ఉన్నాయి. ముప్పావు కొవ్వొత్తులు ఇరవై కోసీ కోసీ పాపారావు గారి వేలికి ప్లాస్టరు పడింది. వాచ్‌మన్ అప్పన్న ఎందుకైనా మంచిదని నీళ్ల బకెట్లు రెండు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పంతొమ్మిది మంది పెద్దవాళ్లు ఇస్త్రీ చొక్కాల్లో, తలమీద అట్ట టోపీలతో, తమ తమ కేకుల వెనక కూర్చున్నారు. ఇరవయ్యో కేకు వెనక కొత్త గౌనులో తన్వి మూడు వేళ్లు అదిమి పట్టుకుని కూర్చుంది.

ధర్మారావు గారు మెడలో విజిల్, చేతిలో శబ్దం కొలిచే యంత్రంతో ముందుకొచ్చారు. "సోదర నివాసితులారా, కొవ్వొత్తులు అమర్చుటకు నేను విజిల్ వేయుదును. రెండో విజిల్‌కి వెలిగింపు. మూడో విజిల్‌కి ఆనందం."

మాస్టారు లేచి నిలబడ్డారు. "చిన్న సందేహమండీ. మీ పుట్టినరోజు ఎప్పుడు?"

హాలంతా ఆయన వైపు తిరిగింది.

"నాదా?" ధర్మారావు గారు తడబడ్డారు. ఇన్ని సర్టిఫికెట్లు పరీక్షించిన మనిషికి తన సర్టిఫికెట్టు గుర్తే రాలేదు. జనవరో ఫిబ్రవరో అనేస్తే ఎవరూ తనిఖీ చెయ్యరు. కానీ ముప్ఫై ఆరేళ్లలో గ్రాము అటూ ఇటూ చెప్పని నోరది.

"రికార్డు ప్రకారం..." అన్నారు, గొంతు తగ్గించి, "జూలై ఒకటి."

సత్తిరాజు కిసుక్కుమన్నాడు. మాస్టారు నవ్వలేదు. పంతొమ్మిదో క్లాజు నెమ్మదిగా చదివారు. "'పర్యవేక్షకుడు అరవై ఏళ్లు పైబడినవాడై ఉండాలి. చిన్నవారు ఆనందానికి లోనగు ప్రమాదం కలదు. ఆ దినమున జన్మదినం గలవారు గాని, వారి కుటుంబీకులు గాని పర్యవేక్షకులు కారాదు. కాంప్లెక్సులో నివసించువాడై ఉండాలి. పర్యవేక్షకుని మాటే తుది నిర్ణయం.' ఇది రాసింది మీరేనండీ."

ధర్మారావు గారు కాగితం తీసుకుని చూశారు. ముఖంలో కోపం లేదు. తన కాటా కిందే చింతపండు దొరికినవాడిలా నిలబడిపోయారు. "క్లాజు సక్రమంగా ఉన్నది," అన్నారు చివరికి. మెడలోంచి విజిల్ తీశారు.

మరి పర్యవేక్షకుడెవరు? అరవై దాటిన మగవాళ్లందరూ టోపీలు పెట్టుకుని కేకుల వెనకే ఉన్నారు. అరవై దాటిన ఆడవాళ్లందరూ ఆ టోపీల భార్యలే. సుభద్రమ్మది అమలాపురం, పైగా అమ్మమ్మ. పాపారావు గారికి యాభై ఎనిమిదే, ఆనందానికి లోనయ్యే వయసు.

"అప్పన్నా, నీకెన్నేళ్లు?" అన్నారు మాస్టారు.

అప్పన్న బకెట్లు కింద పెట్టాడు. "అరవై ఐదో ఆరో ఉంటాయి బాబూ. ఆధార్ కార్డోడు జనవరి ఒకటి ఏసినాడు."

"ఎక్కడుంటున్నావు?"

"గేటు పక్క గదిలోనే కదండి. ఏటి బాబూ, నానేటి సేసినాను?"

ధర్మారావు గారు ఒక్కో షరతునీ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. ఏదీ తప్పలేదు. వెళ్లి తన చేతులతో అప్పన్న మెడలో విజిల్ వేసి, యంత్రం చేతిలో పెట్టారు. "ప్రస్తుతం అధికారం తమది. కొవ్వొత్తుల సంఖ్య అరవై ఆరూ ముప్పావు. అప్పుడే పదకొండుంబావు అయింది. ఆజ్ఞ ఇవ్వండి."

అప్పన్న పెట్టెల గుట్ట చూశాడు, తన్విని చూశాడు. రోజూ స్కూలు బస్సు దిగినప్పుడు గేటు దగ్గర ఆ పిల్ల వేళ్లతో పడే తంటా చూసేది అతనే.

"పాపకి నాలుగేళ్లు కదండి బాబూ. నాలుగెట్టండి."

"మిగతావారికి?" అన్నారు పాపారావు గారు, ప్లాస్టరు వేలు పట్టుకుని.

"ఆల్లు పెద్దోల్లు. ఊదితే దగ్గొస్తాది. పాప ఊదితే అందరికీ ఊదినట్టే. కేకు కోసి ఎట్టెయ్యండి."

తుది నిర్ణయం వెలువడింది. వంశీ నాలుగు కొవ్వొత్తులు వెలిగించాడు. తన్వి వాటిని ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టింది. చేతిలో చిటికెన వేలు వదిలేసింది, అది దానంతటదే లేచింది. ఆ చెయ్యి అలాగే పైకెత్తి, నాలుగు వేళ్లూ అందరికీ చూపించి, ఊదింది.

అప్పన్న ఆనందం ఆపుకోలేక విజిల్ వేశాడు. యంత్రం చేతిలోంచి జారి, సుభద్రమ్మ ఇంటినుంచి తెచ్చిన పరవాన్నం గిన్నెలో పడింది. పంతొమ్మిది మంది అట్ట టోపీలు ఎగరేశారు. ఎంత మోత వచ్చిందో కొలవడానికి ఏమీ మిగల్లేదు.

ధర్మారావు గారు ఒక మూల నిలబడ్డారు. ఆయన కోసం ఇరవై ఒకటో కేకు లేదు. తన్వి కాగితం పళ్లెంలో ఓ ముక్క పెట్టుకుని, రెండు చేతులా మోసుకుని ఆయన దగ్గరికి వెళ్లింది.

"నీది కూడా ఇవాళేనా తాతా?"

"రికార్డు ప్రకారం అంతేనమ్మా."

"నీకెప్పుడూ కేకు కొయ్యలేదా?"

ఆయన ఆ ప్రశ్నకి సంబంధించిన క్లాజు ఏదైనా ఉందేమోనని వెతుక్కుంటున్నట్టు పైకప్పు వైపు చూశారు. తన్వి గౌను జేబులోంచి గులాబీరంగు అర కొవ్వొత్తి తీసి, ఆ కేకు ముక్కలో గుచ్చింది. "ఇది నాక్కాదు. నీది." మాస్టారు వెనకనుంచి వచ్చి అగ్గిపుల్ల గీశారు.

ధర్మారావు గారు వంగి, ఆ వెలుగుని దగ్గరగా పరికించారు. "పాపారావు గారూ, ఇది సగం కాదండీ. రెండు మిల్లీమీటర్లు ఎక్కువే కోశారు," అన్నారు. అని ఊదారు. ఒక్క ఊపుకి ఆరలేదు. తన్వి సాయం పట్టింది.

ఇక పర్యవేక్షకుడు నింపాల్సిన రిజిస్టరు పని మిగిలింది. అప్పన్నకి రాయడం రాదు. మాస్టారు కలం తీసుకుని ఒక్కో గడీ అడిగి నింపారు. ఆఖరి గడీ 'ఆనంద స్థాయి'.

"ఎంతని రాయను అప్పన్నా?"

అప్పన్న హాలంతా ఓసారి కలయజూశాడు. తన్వి నాలుగు వేళ్లూ కనబడినవాళ్లందరికీ చూపిస్తూ తిరుగుతోంది. సుభద్రమ్మ యంత్రాన్ని పరవాన్నంలోంచి తీసి కొంగుతో తుడుస్తోంది.

"సరిపోనాదని రాసీండి బాబూ."

మాస్టారు అలాగే రాశారు. 'సరిపోయింది' అనేది ఏ కొలతలోకి వస్తుందని ధర్మారావు గారు అడగబోయారు గానీ, అప్పటికి నోటినిండా కేకు ఉంది.